స్కానింగు చెయ్యి

జూన్ 9, సోమవారం

ఈరోజు మా పశువైద్యం ప్రొఫెసరు పెద్దాయన మెడకు గుడ్డ కట్టుకుని, అందులో ఎడమచెయ్యి వేలాడేసుకుని క్లాసుకు వచ్చారు. ఏళ్ళ తరబడి ఆవుల వెనక నిలబడి చెయ్యి పెట్టి పెట్టి భుజం పట్టేసిందట. కొన్నాళ్ళు ఆ చెయ్యి కదపొద్దని డాక్టరు చెప్పాడట. “పశువుల డాక్టరైనా మనుషుల డాక్టరు చెబితే వినాలి, తప్పదు” అని ఆయనే నవ్వారు.

తర్వాత అందరి మీదా చూపు తిప్పి నా దగ్గర ఆపారు. “మన స్కానింగు ఉందిగా. ఇక నుంచి ఫారంలో ఆవులకు చూడి పరీక్షలు తనే చేస్తుంది. ఏది చూడి కట్టింది, ఏది కట్టలేదు, తను చెప్పిందే లెక్క.”

అందరూ చప్పట్లు కొట్టారు. కాలేజీ స్కానింగు యంత్రం మరమ్మతుకని వెళ్ళి ఇప్పటికీ తిరిగి రాలేదు. ఆ లోటు నా చెయ్యి తీరుస్తోందని నాకు ఆ పేరు పెట్టారు. పెట్టిందీ పెద్దాయనే.

నాకు సంతోషంగా ఉంది. చాలా సంతోషంగా ఉంది. మధ్యాహ్నం భోజనం సయించలేదు, ఎండ వల్ల.

జూన్ 11

నాన్నకు ఫోన్లో చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది.

“ఏంటీ, మీ సారు చెయ్యి నీకిచ్చేశారా?”

“చెయ్యి కాదు నాన్నా, పని.”

“రెండూ ఒకటేలేమ్మా. అంతా ఆ కోటు కుట్టిన వేళావిశేషం.”

పరీక్షలప్పుడు వేసుకునే కోటు నాన్నే కుట్టి పంపాడు. ఎడమచెయ్యి భుజం దాకా ఖాళీగా ఉండాలని నేను చెబితే మొదట నమ్మలేదు. ఇన్నేళ్ళుగా మిషను తొక్కుతున్నాను, ఒక చెయ్యి ఉండి ఒక చెయ్యి లేని కోటు ఎవరూ అడగలేదు, నన్ను ఆటపట్టిస్తున్నావా అన్నాడు. ఇప్పుడు షాపుకు వచ్చిన ప్రతివాడికీ కొలతలు తీసుకుంటూ ఆ కోటు కథే చెబుతాడట. “మా అమ్మాయి చెయ్యి పెట్టిందంటే కడుపులో ఏముందో చెప్పేస్తుంది” అంటాడట. చొక్కా కోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన భయపడి పొట్ట లోపలికి పీల్చుకున్నాడని చెప్పి పడీ పడీ నవ్వాడు.

వెనకనుంచి తమ్ముడు “అక్కా, పేడ డాక్టరూ!” అని అరిచాడు. అమ్మ వాడి నెత్తిన ఒకటి వేసిన చప్పుడు కూడా వినిపించింది.

జూన్ 12

మొదటిరోజు పరీక్షలు. పన్నెండు ఆవులు. రెండు సరిగా తెలియలేదు. ఆవును నిలబెట్టే కమ్మీల బోనులో బాగా కదిలాయి.

జూన్ 13

నిన్న రాసింది అబద్ధం. ఆవులు కదల్లేదు. బోనులో బుద్ధిగా నిలబడ్డాయి. నేను రాసుకుని నేనే చదువుకునే డైరీలో కూడా అబద్ధమేనా?

నాకు తెలియడం లేదు. రెండు కాదు, పన్నెండూ తెలియలేదు. కిందటి ఏడాది మొదలుపెట్టినప్పటి నుంచి ఒక్క ఆవు కూడా తెలియలేదు.

భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, సబ్బునీళ్ళు రాసుకుని, తోక పక్కకు తప్పించి చెయ్యి లోపలికి పెట్టాలి. పేగు గోడ మీంచి కింద ఉన్న గర్భసంచిని తడమాలి. అందరికీ ఏవేవో తగులుతాయి. ఒకవైపు ఉబ్బి ఉంది అంటారు, లోపల నీళ్ళు కదులుతున్నాయి అంటారు, బఠాణీ గింజంత బుడిపెలు అంటారు. నాకు వేడిగా ఉంటుంది. పేడ. ఆవు తోసేటప్పుడు చెయ్యంతా నొక్కుకుపోతుంది. అంతకు మించి ఇంకేమీ లేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు నా చెయ్యి అక్కడ తిరుగుతూ ఉంటుంది.

మొట్టమొదటిసారి నా ముందు ఐదుగురు చెయ్యి పెట్టారు. ఐదుగురూ “తెలిసింది సార్” అన్నారు. నేనూ “తెలిసింది సార్” అన్నాను. ఏం తెలిసిందన్నారు పెద్దాయన. పుస్తకంలో ఉన్నది గడగడా చెప్పాను. “శభాష్” అన్నారు. ఒకసారి శభాష్ అనిపించుకున్నాక మర్నాడు వెళ్ళి తెలియలేదని ఎలా చెప్పడం? ఇంకో నాలుగు ఆవులు చూస్తే అదే వస్తుందనుకున్నాను. నాలుగు కాదు, వందకు పైనే అయ్యాయి.

మరి స్కానింగు అనే పేరెలా వచ్చిందంటే, నాకు కళ్ళూ చెవులూ ఉన్నాయి కాబట్టి. నేనెప్పుడూ ముందుగా చెయ్యి పెట్టను. ముందువాళ్ళు చెప్పేది వింటాను, పెద్దాయన కనుబొమలు చూస్తాను. కనుబొమ లేచిందంటే చెప్పినవాడు తప్పు చెప్పాడు. షెడ్డు మేస్త్రితో ముందురోజే కబుర్లాడి, చూడి కట్టడానికి సూది వేయించాక ఏ ఆవు మళ్ళీ ఎదకొచ్చిందో కనుక్కుంటాను. ఎదకొస్తే కట్టనట్టు, రాకపోతే కట్టినట్టు. చాలావరకు సరిపోతుంది. ఇంత తెలివి ఆ చేతికి ఉంటే ఎంత బాగుండేది.

ఇప్పుడు ముందు చెయ్యి పెట్టాల్సింది నేను. పెద్దాయన కుర్చీలో కూర్చుని నా కనుబొమల వైపు చూస్తున్నారు.

జూన్ 17

నిచ్చెన గురించి రాయాలి. మా బ్యాచ్‌లో అందరికంటే పొడుగు, అందుకని నిచ్చెన. రోజూ చెయ్యి పెడతాడు, రోజూ ఒకటే మాట. “నాకేం తెలియట్లేదు సార్.” అందరం నవ్వుతాం. అందరికంటే గట్టిగా నేను నవ్వుతాను. “నిచ్చెనా, లోపల లైటు వేసుకో” అన్నది నేనే. ఆ మాట కాలేజీ అంతా పాకింది.

అతనికి కోపం రాదు. తెలియలేదన్నందుకు పెద్దాయన అతన్ని చివరిదాకా ఉంచేస్తారు. చెయ్యి పెట్టలేరు కాబట్టి పక్కన నిలబడి నోటితోనే దారి చెబుతారు. “కిందికి దించు. ఇంకా. ఎముక అంచు తగిలిందా? దాటి వంగు. తొందరేం లేదు, అది ఎక్కడికీ పోదు.” మేమంతా టీకి వెళ్ళిపోతాం. నాకు అవేవీ చెప్పరు. నాకెందుకు, నేను స్కానింగుని.

జూన్ 20

ఈ వారం ఎన్ని పరీక్షలు చేశానో. కట్టినదానికి నడుము మీద నీలం గీత, కట్టనిదానికి ఎర్ర గీత. రంగు కడ్డీలు రెండూ నా కోటు జేబులోనే ఉంటాయి. ఎర్ర గీత పడ్డవి నెలాఖరు గురువారం లారీ ఎక్కుతాయి. ఫారంలో మేత చాలడం లేదు, పాలివ్వనిదాన్నీ కట్టనిదాన్నీ ఊరికే మేపలేరు. లారీ కబేళాకు వెళుతుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, మొదటి ఏడాదిలోనే చెబుతారు.

జూన్ 26, గురువారం

లారీ వచ్చింది. మూడు వెళ్ళాయి. నాకు తలనొప్పి, గదిలోనే ఉన్నాను.

జూలై 3

అమ్మ ఫోను. “తిన్నావా? గొంతేంటి అలా ఉంది?” జలుబన్నాను. “ఆ చెయ్యి జాగ్రత్త, బరువులు మొయ్యకు” అంది. చేతికి దిష్టి తగులుతుందని అమ్మ భయం. నవ్వాను. ఫోను పెట్టేశాక ఆ చెయ్యి వైపే కాసేపు చూశాను. మామూలు చెయ్యి. కొంచెం పొట్టి.

జూలై 14, సోమవారం

ఈరోజు మొండికొమ్ముది వచ్చింది. ఒక కొమ్ము చిన్నప్పుడే విరిగిపోయిన నల్లావు. ఎవరినీ తన్నదు. బోనులోకి తనంతట తనే నడిచి వస్తుంది.

మొన్న షెడ్డు మేస్త్రి చెప్పాడు, అది అరుస్తోందనీ పక్క ఆవుల మీదికి ఎక్కుతోందనీ. అంటే ఎదకొచ్చినట్టే కదా. అంటే కట్టనట్టే. కాబట్టి నేను జవాబు జేబులో పెట్టుకునే వెళ్ళాను.

ఈసారి ముందుగా నిచ్చెనను పెట్టమన్నారు పెద్దాయన. అతను చాలాసేపు ఉంచాడు. చెంప ఆవు తుంటికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. మేము నవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

“ఏదో తగులుతోంది సార్.”

“ఏంటది?”

“బాగా కింద. గుండ్రంగా ఉంది. నెడితే పోతోంది... మళ్ళీ వచ్చి వేళ్ళకు కొట్టుకుంటోంది.”

పెద్దాయన కుర్చీలోంచి లేచారు. “స్కానింగూ, నువ్వు చూడు.”

చూశాను. వేడి, పేడ. ఎప్పుడూ ఉండేదే. కిందికి దించాను, నా చెయ్యి అక్కడితో అయిపోయింది. నిచ్చెన నా మొహమే చూస్తున్నాడు. వీడికి తగలడమేమిటి, నాకు తగలనిది వీడికి తగలడమేమిటి అనిపించింది. నిజంగా అదే అనిపించింది, ఇంకేమీ కాదు.

“ఖాళీ సార్” అన్నాను. “అతనికి తగిలింది పొట్టలో గడ్డి అయుంటుంది.”

అందరూ ఘొల్లుమన్నారు. “గడ్డికి కాన్పు చేస్తావా నిచ్చెనా?” అని ఎవరో అన్నారు. పెద్దాయన ఒక్క క్షణం ఆగి, “సరే, తను చెబితే అంతే” అని మళ్ళీ కూర్చున్నారు. నేను ఎర్ర గీత గీశాను. నిచ్చెన పంపు దగ్గర చెయ్యి కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

జూలై 15

నెడితే పోతోంది, మళ్ళీ వచ్చి కొట్టుకుంటోంది అన్నాడు.

జూలై 16

పుస్తకం తీశాను. తియ్యకుండా ఉండాల్సింది. నాలుగైదు నెలల చూడిలో దూడ నీళ్ళలో తేలుతూ ఉంటుంది, వేళ్ళతో నెడితే వెళ్ళి తిరిగి వచ్చి తగులుతుంది అని ఉంది. నిచ్చెన పుస్తకం ముట్టుకునే రకం కాదు. ఆ అధ్యాయం దాకా అతను వెళ్ళి ఉండడని నేను ఒట్టేసి చెప్పగలను. అంటే అతను చెప్పింది పాఠం కాదు, అతని చేతికి తగిలింది.

అదే పేజీలో కింద ఇంకోటి ఉంది. ఆ నెలల్లో గర్భసంచి బరువెక్కి పొట్టలోకి జారిపోతుంది, చెయ్యి పొట్టిగా ఉన్నవాళ్ళకు అందకపోవచ్చు, అందలేదని ఖాళీ అనుకోకూడదు. ఈ వాక్యం కింద పెన్సిలు గీత కూడా ఉంది. గీసింది నేనే, కిందటి ఏడాది.

అయినా మేస్త్రి ఎదకొచ్చిందన్నాడు కదా.

జూలై 17

చూడితో ఉన్న ఆవులు కూడా ఒక్కోసారి ఎద లక్షణాలు చూపిస్తాయి. అదీ పుస్తకంలోనే ఉంది.

జూలై 21

మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక షెడ్డుకు వెళ్ళాను. మొండికొమ్ముది నన్ను చూసి తనే బోనులోకి నడిచింది. దాని నడుము మీద నా ఎర్ర గీత. రెండుసార్లు చెయ్యి పెట్టాను. రెండోసారి ఏదో తగిలినట్టనిపించింది. తగిలిందో, తగలాలని అనిపించిందో తెలియదు. ఒకవైపు తగిలితే బాగుండు, ఇంకోవైపు తగలకపోతే బాగుండు. అలాంటి చేతికి ఏం తెలుస్తుంది?

షెడ్డు మేస్త్రి వచ్చేశాడు. “ఏంటమ్మా, మళ్ళీ చూస్తున్నారు?”

“ప్రాక్టీసు.”

“మీకు ప్రాక్టీసేంటమ్మా! అయినా దాంట్లో ఏముందని, ఈ నెల బండికి పోయేదేగా.” దాని వీపు మీద చరిచి, “మంచిది పాపం, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు” అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతను ఇంకేమీ అడక్కముందే నేను “పెద్దాయనే మళ్ళీ చూడమన్నారు” అన్నాను. ఇంకో అబద్ధం.

జూలై 23

నిచ్చెన లైబ్రరీ మెట్ల మీద కనిపించాడు. నేను తప్పించుకుపోబోయాను, పిలిచాడు.

“స్కానింగూ, ఒక్క మాట. నేను పశువుల వైపు మానేద్దామనుకుంటున్నా. ల్యాబు వైపు రాసిస్తా.”

“ఎందుకు?”

“నా చెయ్యి పనికిరాదు. మొన్న చూడు, గడ్డిని పట్టుకుని దూడ అన్నా.” నవ్వాడు. “ఏడాదిలో మొదటిసారి ఏదో తగిలిందని ఎంత సంతోషపడ్డానో తెలుసా? ఇంటికి ఫోన్ చేసి చెబుదామనుకున్నా. ఇంకా నయం, చెయ్యలేదు.”

ఇక్కడ నేను అనాల్సిన మాట ఒకటి ఉంది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేను అన్నది ఇది.

“పర్లేదులే. అందరికీ రాదు.”

జూలై 24

అందరికీ రాదు అన్నాను. అతనితో. నేను.

జూలై 27, ఆదివారం

నాన్నకు చెప్పేద్దామని ఫోన్ చేశాను. “నాన్నా, ఒక విషయం” అన్నాను. “చెప్పమ్మా, ఒక్క నిమిషం, ఇదుగో ఈయనకు చెప్పు నువ్వేం చేస్తావో” అని ఎవరికో ఫోనిచ్చాడు. ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చిన మనిషట. “మీ నాన్నగారు మీ గురించే చెబుతున్నారమ్మా” అన్నాడు. థాంక్సండీ అన్నాను. నాన్న మళ్ళీ ఫోను తీసుకుని “ఆ, ఏదో విషయం అన్నావు” అంటే, కోటు భుజం దగ్గర కుట్టు ఊడిందన్నాను. ఊడలేదు. నాన్న కుట్టు ఊడదు. పాపం ఆయన చిన్నబోయాడు. “నా కుట్టు ఊడిందా?” అని రెండుసార్లు అడిగాడు.

జూలై 28

లారీ గురువారం వస్తుంది. ఎవరికీ చెప్పకపోతే ఏమవుతుంది? ఒక ఆవు పోతుంది. అది నిజంగానే ఖాళీ అయి ఉండొచ్చు. మేస్త్రి అబద్ధం చెప్పడు. నిచ్చెనకు తగిలింది గడ్డే కావొచ్చు.

ఇదంతా రాసి చదువుకుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

జూలై 30, బుధవారం

కుడితిలో పడ్డ ఎలుకలా రెండురోజులు తిరిగి చివరికి ఒక ఉపాయం కనిపెట్టాను. పెద్దాయన గదికి వెళ్ళి నిలబడ్డాను.

“సార్, నిచ్చెన ల్యాబు వైపు వెళ్ళిపోతానంటున్నాడు. అతనికి నమ్మకం పోయింది. మొండికొమ్ముదాన్ని ఇంకోసారి చూపిస్తే బాగుంటుంది సార్. తనే తప్పని తెలుసుకుంటాడు, లేదా...”

“లేదా?”

“లేదా నేను పొరబడి ఉండొచ్చు కదా సార్.”

ఇలా అంటున్నప్పుడు నా గొంతు ఎంత వినయంగా ఉందంటే నాకే ముచ్చటేసింది. పెద్దాయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. “పద” అన్నారు.

బోను దగ్గర అందరినీ పిలిపించారు. నిచ్చెన చెయ్యి పెట్టనన్నాడు. “వద్దు సార్, నాకు రాదు” అని వెనక్కి పోయాడు. ఎంత చెప్పినా ముందుకు రాలేదు. అప్పుడు పెద్దాయన మెడలో గుడ్డ విప్పారు. మేస్త్రి “వద్దండీ, డాక్టరు వద్దన్నాడు కదా” అంటున్నా వినలేదు. పట్టేసిన ఎడమచేతినే లోపలికి పెట్టారు. పళ్ళు బిగించారు, నుదుటి మీద చెమట పట్టింది. నేను తోక పట్టుకుని నిలబడ్డాను.

“ఐదో నెల” అన్నారు. “దూడ తల నా అరచేతిలో ఉంది.”

ఆయన చెయ్యి బయటికి తీసి నిచ్చెన వైపు తిరిగారు. “నువ్వు చెప్పింది చెప్పినట్టు ఉంది. ల్యాబు కాగితం చించేయి.” తర్వాత నా వైపు తిరిగారు. తిడతారనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను. ఆయన అందరికీ వినిపించేలా అన్నారు. “తప్పు ఎవరైనా చేస్తారు. తన మాట తప్పేమో, మళ్ళీ చూడండి అని వచ్చి అడిగింది చూశారా, అదీ డాక్టరుకు ఉండాల్సిన నిజాయితీ.”

మళ్ళీ చప్పట్లు.

ఎర్ర గీత నేనే తడిగుడ్డతో తుడిచాను. పూర్తిగా పోలేదు.

నిచ్చెన వెనకాలే వచ్చాడు. కళ్ళలో నీళ్ళు. “నువ్వడక్కపోతే నేను వెళ్ళిపోయేవాణ్ణి. ఈ ఉపకారం మర్చిపోను” అన్నాడు. పర్లేదులే అన్నాను.

సోమవారం నుంచి జూనియర్లకు చూడి పరీక్ష నేర్పే పని కూడా నాకే ఇచ్చారు, నిజాయితీకి బహుమానం.

జూలై 31, గురువారం

గట్టెక్కాను. ఆవు దక్కింది, దూడ దక్కింది, నిచ్చెన దక్కాడు, నా పేరు దక్కింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను. మొహం కడుక్కుంటూ అద్దం వైపు తల ఎత్తబుద్ధి కూడా కావడం లేదు.

ఈరోజు లారీ ఖాళీగా తిరిగి వెళ్ళింది. నెలంతా నేను ఎర్ర గీత గీసింది మొండికొమ్ముదానికొక్కదానికే. జూన్‌లో మూడు గీశాను.

వాటి గురించి రాయను.

ఆగస్టు 1

రాస్తాను. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

జూన్ లారీలో వెళ్ళినవాటిలో రెండు ఎదకొచ్చాయని మేస్త్రి చెప్పాడు. మొండికొమ్ముదాని విషయంలో చెప్పినట్టే చెప్పాడు కాబట్టి వాటి సంగతి కూడా ఇప్పుడు చెప్పలేను. మూడోది తెల్లమొహం ఆవు. దాని గురించి మేస్త్రి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆరోజు వరసగా అన్నింటికీ నీలం గీతలే గీశాను. పెద్దాయన కుర్చీలోంచి చూస్తున్నారు. అన్నీ కట్టాయంటే అనుమానం వస్తుంది, మధ్యలో ఒక ఎర్రది ఉంటే చూసినట్టు ఉంటుంది అనిపించింది. అప్పుడు బోనులో తెల్లమొహంది ఉంది. అందుకని దానికి గీశాను.

అంతే. దానికి వేరే కారణం లేదు.

ఆగస్టు 4, సోమవారం

పొద్దున కోటు వేసుకుని వెళ్ళాను. జూనియర్లు ఆరుగురు. అందరి మొహాల్లో భయం, గొప్పగా కనిపించాలన్న ఆత్రం. పెద్దాయన కాస్త దూరంలో పంపు గట్టు మీద కూర్చున్నారు. మెడలో మళ్ళీ గుడ్డ, ఈసారి చెయ్యి ఇంకా వాచింది.

మొదటి ఇద్దరూ చెయ్యి పెట్టి తెలిసిందన్నారు. తర్వాత వంతు రెండు జడల అమ్మాయిది. తొడుగు భుజం దాకా లాక్కోవడమే సరిగా రాలేదు. నేను సాయం చేశాను. చెయ్యి పెట్టింది, అటూ ఇటూ తిప్పింది. ముందు నా మొహం చూసింది, తర్వాత పక్కవాళ్ళ మొహాలు చూసింది.

“తెలిసిందక్కా” అంది.

ఆ తెలియడం ఎలాంటిదో ఈ కాలేజీలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మాట తొందరగా వచ్చింది. కళ్ళు జనం వైపు తిరిగాక వచ్చింది. చేతిలోంచి రాలేదు.

“ఏం తగిలింది?”

“గర్భసంచి కుడివైపు పెద్దదిగా, గోడలు పలచగా, లోపల ద్రవం కదులుతున్నట్టుగా...”

“అది పుస్తకం. నీ చేతికి ఏం తగిలిందో చెప్పు.”

ఆ అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి. మిగతావాళ్ళు ముసిముసిగా నవ్వడం మొదలుపెట్టారు. ఇంకొక్క క్షణం ఆగితే ఇంకో వాక్యం అప్పజెప్పేది. ఆ వాక్యం ఏదో కూడా నాకు తెలుసు.

“ఏమీ తగల్లేదు కదా?” అన్నాను. “అలాగే చెప్పు. నాకూ తగల్లేదు. కిందటి ఏడాది నుంచి నాకు ఒక్కసారి కూడా ఏమీ తగల్లేదు. తెలిసిందని చెప్పుకుంటూ వచ్చాను. ఇక్కడ నిలబడి నీకు నేర్పేదాకా వచ్చేశాను.”

నవ్వులు ఆగిపోయాయి. ఆ అమ్మాయి చెయ్యి ఇంకా లోపలే ఉంది. తియ్యడం మర్చిపోయి నన్నే చూస్తోంది.

పెద్దాయన లేచి వచ్చారు. అంతా విన్నారని నడకలోనే తెలిసింది. జూనియర్లను టీకి పంపించారు. నేను నా చేతి తొడుగు విప్పేశాను.

“మొండికొమ్ముది?” అన్నారు.

“నాకు అందలేదు సార్. అతనికి తగిలిందంటే ఓర్చుకోలేక ఖాళీ అన్నాను. తర్వాత భయం వేసి మీ దగ్గరకొచ్చాను. నిజాయితీ కాదు సార్ అది.”

ఆయన వాచిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డారు. నా మీద కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఆయన ఇంకేదో ఆలోచిస్తున్నారు, అది నాకు అర్థమైంది.

“జూన్‌లో మూడు వెళ్ళాయి” అన్నారు.

“రెండు మేస్త్రి మాట విని గీశాను సార్.”

“మూడోది?”

“ఊరికే గీశాను సార్. అన్నీ నీలమే అయితే మీకు అనుమానం వస్తుందని.”

ఆయన బోను కమ్మీ మీద చెయ్యి వేసుకుని కిందికి చూశారు. తర్వాత, నేను పొరబాటున విన్నానేమో అనుకునేంత మెల్లగా అడిగారు.

“దాంట్లో ఉందా?”

“తెలియదు సార్.”

ఆయన తల ఊపారు.

“ఇంక ఎవరికీ తెలియదమ్మా” అన్నారు.